పరలోక ప్రార్థనలో "ఋణస్థులు" ఎవరని మనవడు అడిగాడు, ఇప్పుడు నేనేం చేయాలి?

తెనాలి అమ్మమ్మ
అందరికీ వందనాలండి. మా అమ్మాయి కొడుకు, ఏడేళ్ళు, సెలవులకి మా దగ్గరున్నాడు. ఇంగ్లీషు మీడియం కదా, అందుకని రాత్రిపూట యేసు ప్రభువు నేర్పిన పరలోక ప్రార్థన తెలుగులో నేనే చెప్పిస్తున్నా. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" దగ్గర ఆగి, ఋణస్థులంటే ఎవరమ్మమ్మా అన్నాడు. మనకి అప్పున్నవాళ్ళు నాన్నా అన్నాను. మనకెవరున్నారు అన్నాడు. మీ చిన్నమ్మమ్మ అని నోరు జారాను.

మా చెల్లెలు వాళ్ళమ్మాయి పెళ్ళికి నలభై వేలు తీసుకుంది, ఇవ్వలేదు, నేను నలుగురిలో అడిగేశాను, ఒకే ఊళ్ళో ఉండి ఆరేళ్ళుగా మాటల్లేవు. వాడు కాసేపు ఆలోచించి, "మరి క్షమించేశామని రోజూ దేవుడికెందుకు చెప్తున్నాం?" అన్నాడు.

యాభై ఏళ్ళుగా చెప్తున్న ప్రార్థన అండి, సండే స్కూల్లో ఎంతమంది పిల్లలకి కంఠత పెట్టించానో, "క్షమించియున్న" అంటే అయిపోయిన పని అని నాకెప్పుడూ తట్టలేదు. ఇప్పుడు ఆ మాట దగ్గర గొంతు పెగలడం లేదు. వచ్చే మొదటి ఆదివారం చర్చిలో ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం) ఉంది. ఫోన్ చేయనా, నేరుగా వెళ్ళనా? క్షమించడమంటే డబ్బు కూడా వదిలేసినట్టేనా? మా ఆయన డబ్బు సంగతి తేలకుండా వాళ్ళ గడప తొక్కొద్దంటున్నారు.

ఒంగోలు బ్రదర్
అమ్మగారూ, మత్తయి 6:12లో ఋణములు అని ఉంది, లూకా 11:4లో పాపములు అని ఉంది. యేసు మాట్లాడిన అరామిక్‌లో అప్పుకీ పాపానికీ ఒకే మాట. కాబట్టి మీ మనవడు తప్పుగా అర్థం చేసుకోలేదు. మత్తయి 18లో యేసు చెప్పిన కథలో, రాజుకి అప్పుపడ్డ దాసుడి లెక్క కూడా చూడండి. తలాంతు అంటే సుమారు ఆరు వేల దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. రాజు వాడికి వదిలేసింది పదివేల తలాంతులు, అంటే ఆరు కోట్ల రోజుల కూలి. వాడు తోటివాడి గొంతు పట్టుకున్నది వంద దేనారాలకి. రోజుకి నాలుగు వందలు వేసుకుంటే మీ నలభై వేలూ సరిగ్గా ఆ వంద రోజులే.

సికింద్రాబాద్ నుంచి
నేను కొంచెం వేరుగా చెప్తానండి. మా తమ్ముడికిచ్చిన డబ్బు వదిలేశాను, మళ్ళీ అడిగితే మాత్రం ఇవ్వలేదు, అయినా క్రిస్మస్‌కి వాళ్ళింట్లోనే భోంచేస్తాం. వదలాలా వద్దా అన్నది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి, అంకుల్ గారు అన్నదాంట్లోనూ న్యాయం ఉంది. నలుగురిలో అడిగారన్నారు చూడండి, ఆ విషయంలో మాత్రం మీరే ఆవిడకి బాకీ ఉన్నారు. ముందు అది తీర్చండి.

పాస్టరమ్మ, నరసరావుపేట
మత్తయి 5:23, 24 చదవండి అక్కా. నీ మీద నీ సహోదరునికి విరోధమేమైనా ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే పెట్టి ముందు వెళ్ళమన్నాడు ప్రభువు. ఫోన్ వద్దు, వెళ్ళండి. బల్లకి ముందే వెళ్ళండి.

తెనాలి అమ్మమ్మ
సికింద్రాబాద్ అమ్మాయ్, నువ్వన్న మాట రాత్రంతా నిద్రపోనివ్వలేదు. నాకు రావలసిందే చూసుకున్నాను గాని నేనివ్వాల్సింది ఒకటుందని ఇన్నాళ్ళూ అనుకోనేలేదు. ఈ సాయంత్రం వెళ్ళాను, బాబుని తీసుకుని. తలుపు తీసి నన్ను చూసి ఏమీ అనలేదు, వాణ్ణి ఎత్తుకుని ఇంత పెద్దాడయ్యాడా అని ఏడ్చింది. నలుగురిలో అలా అడగకూడదే, తప్పు నాదే అన్నాను. డబ్బు ఊసు ఇద్దరం ఎత్తలేదు. మా ఆయనకింకా చెప్పలేదు, రేపు చెప్తాను, ప్రార్థించండి.