కొత్త డాక్ పెట్టాను, సౌండ్ లేదు. ఎవరైనా చెప్పండి

విజయనగరం (అడిగినవారు): సాయంత్రం నుంచి దీంతోనే కుస్తీ. కంప్యూటర్‌కి కొత్త డాక్ (DAC, డిజిటల్ సౌండ్‌ని యాంప్లిఫయర్‌కి పనికొచ్చే అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) తగిలించి, దాన్నుంచి యాంప్లిఫయర్‌కి ఇచ్చాను. డాక్ మీద లైటు వెలుగుతోంది, స్పీకర్లు మాత్రం మూగనోము పట్టాయి. డ్రైవర్లు తీసి మళ్లీ వేశాను, ఎన్నిసార్లు రీస్టార్ట్ చేశానో. రేపు అమ్మానాన్నలకి సినిమా పెడతానని మాటిచ్చాను, ఒకటే టెన్షన్.

రాజాం: ఏ కేబుల్?

బొబ్బిలి: ముందు ఎర్తింగ్ చూసుకోండి. మన వైపు పాత ఇళ్లలో మూడో పిన్నుకి వైరే ఉండదు. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందా? ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ పిట్ తీయించండి. ఇది ప్రాణాలతో పని, వాయిదా వేయకండి.

అడిగినవారు: షాకేమీ లేదండీ, సౌండే లేదు. కేబుల్ అంటే సౌండ్ కార్డు వెనక ఎర్రగా వెలిగే దాంట్లో పెట్టాను.

రాజాం: ఆప్టికల్. పాటలూ రావట్లేదా?

అడిగినవారు: పాటలు బ్రహ్మాండంగా వస్తున్నాయి. ద్వారం వారి వయొలిన్ పెడితే కమాను తీగకి ఆనడం కూడా తెలుస్తోంది. సినిమా పెడితేనే రాదు.

పాలకొండ: యూఎస్‌బీతో కలపండి. సౌండ్ కార్డుతో పనే ఉండదు.

రాజాం: అప్పుడు డాకే సౌండ్ కార్డు.

పాలకొండ: నేనన్నది లోపలి కార్డు. సౌండ్ కార్డంటే అందరూ దాన్నే అంటారు.

బొబ్బిలి: ఆప్టికలే ఉంచండి. అందులో వెళ్లేది వెలుతురు, కరెంటు కాదు. కంప్యూటర్ హమ్ (గుయ్యిమనే మోత) ఆ కేబుల్ దాటి రాదు.

శ్రీకాకుళం: పాటలు రెండు ఛానళ్ల పీసీఎం, అంటే విప్పక్కర్లేని మామూలు డిజిటల్ సౌండ్, అందుకే వస్తున్నాయి. సినిమా ఫైల్లో 5.1 డాల్బీ (ఆరు ఛానళ్లని కుదించి కట్టిన సౌండ్) ఉండి ఉంటుంది, ప్లేయర్ దాన్ని విప్పకుండా అలాగే పంపేస్తోంది. హోమ్ థియేటర్ రిసీవర్ అయితే విప్పుకుంటుంది. స్టీరియో డాకుల్లో చాలావాటికి ఆ డీకోడర్ ఉండదు, ఊరుకుంటాయి లేదా బుస్సుమంటాయి. ప్లేయర్ ఆడియో సెట్టింగుల్లో పాస్‌త్రూ (అలా విప్పకుండా పంపడం) ఆపి, స్టీరియో పెట్టండి. ముందు యాంప్లిఫయర్ వాల్యూమ్ బాగా తగ్గించండి, ఆ బుస్సు ట్వీటర్లకి (సన్న శబ్దాలు పలికే చిన్న స్పీకర్లకి) మంచిది కాదు. విండోస్‌లో శాంపిల్ రేటు (సెకనుకి సౌండ్‌ని ఎన్నిసార్లు కొలిచారన్న లెక్క) 48000 హెర్ట్జ్ ఉంచండి, సినిమాలకి మామూలుగా అదే.

పాలకొండ: సీడీలు 44100 కదా, పాడవవా?

శ్రీకాకుళం: విండోసే మార్చి పంపుతుంది. తేడా వినిపిస్తే పాటలప్పుడు 44100 పెట్టుకోవచ్చు.

అడిగినవారు: పాస్‌త్రూ ఆన్‌లో ఉంది. తీసేశాను, వచ్చింది. థాంక్సండీ.

పాలకొండ: మరి నేను సీడీలన్నీ 44100లోనే ఎక్కించి పెట్టుకున్నాను. 48000కి మార్చి దాచుకోవాలా, అలా వదిలేయాలా?