‘స్లేవ్’ను ‘వంత’ అనొచ్చా?

కడప నుంచి, ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను నాటకాలకు, స్కూలు వార్షికోత్సవాలకు సౌండు, ఎల్‌ఈడీ తెర పెడతాను. కొత్తగా చేరిన ఇద్దరు పిల్లోళ్లకు టైంకోడ్ నేర్పిస్తా ఉన్నా. పాట రికార్డర్‌లో ఉంటుంది, బొమ్మ ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. రికార్డర్‌లో ఒక ట్రాక్ ఖాళీ పెట్టుకొని దాంట్లో టైంకోడ్ నింపి, ఆ వైరు ల్యాప్‌టాప్‌కు ఇస్తాం. ల్యాప్‌టాప్‌లోని ప్లేయరు అది వింటా ‘ఇప్పుడు ఒకటో నిమిషం, పన్నెండో సెకను, ఏడో ఫ్రేము’ (ఫ్రేము అంటే సెకనులో వరసగా మారే బొమ్మల్లో ఒకటి) అని తెలుసుకొని బొమ్మను సరిగ్గా అక్కడికి తెస్తుంది. ముందు నడిచేది మాస్టర్, వెనక నడిచేది స్లేవ్ అని మెనూలో ఉంటుంది. ‘స్లేవ్ అంటే ఏందన్నా’ అని అడిగితే బానిస అని చెప్పడానికి నోరు రాలేదు. బుర్రకథ గుర్తొచ్చి ‘వంత రా’ అనేసినా. సరైన మాటేనా?

ప్రొద్దుటూరు నుంచి:
వంత ఇప్పుడు తిట్టయిపోయింది కదన్నా. ‘ఫలానా నాయకుడికి వంత పాడుతున్నారు’ అని రోజూ పేపర్లో చూస్తాం. ‘అనుచరి’ అనండి, గౌరవంగా ఉంటుంది.

కర్నూలు నుంచి:
అనుచరి అంటే నాకు పురాణంలో చెలికత్తె కనపడుతోంది. వంతే బాగుంది. మా నాయన హాస్యం వంత, చిన్నప్పుడు రాత్రులు పక్కన కూర్చొని చూసినవాణ్ణి. నడుమ తంబురతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో వంతలు. కథకుడు ఎత్తుకున్న చోటే వాళ్లు తందాన అందుకోవాల, ఆయన ఆపితే ఆగిపోవాల. పేపరోళ్లు చెడగొట్టినారని మాటను వదిలేస్తామా? ఒక్క తేడా మాత్రం ఉంది. హాస్యం వంత కథకుణ్ణి ఎదురు ప్రశ్నలు వేసి ఆడుకుంటాడు. మీ ల్యాప్‌టాప్ నోరెత్తదు, ఆ వైరులో మాట ఒకవైపే పోతుంది.

హైదరాబాద్ నుంచి:
ప్లేయరు కోడ్‌ను పట్టుకున్నప్పుడు ‘లాక్’ అంటారు కదా. దానికి ‘తాళం పడింది’ అంటే? తలుపు తాళమూ అదే, పాట తాళమూ అదే. ఒక్క మాటతో రెండు పనులు.

అనంతపురం నుంచి:
మీ శ్లేష మా ఊర్లో పారదు సార్. మాకు తలుపుకు వేసేది బీగం. తాళం భజన గుడిలోనే. ‘బీగం పడింది’ అందామా అంటే పక్కన కన్నడంలో బీగరు అంటే వియ్యాలవారు, మళ్లీ పంచాయితీ!

ఇంకొకటి. నేను మృదంగం వాయిస్తాను కాబట్టి చెప్తున్నా, టైంకోడ్ తాళం కాదు. పాటలో ఇప్పుడు ఏ చరణంలో ఉన్నామో చెప్పేది టైంకోడ్. ఎంత వేగంగా నడవాలో చెప్పేది తాళం, మీ సామాన్లలో దాన్ని వర్డ్ క్లాక్ అంటారు. రెండు యంత్రాలను ఒకే చోట మొదలుపెట్టి వదిలేస్తే, వాటి గడియారాల మధ్య పది లక్షల్లో 50 పాళ్ల తేడా ఉన్నా గంటకు 0.18 సెకను జరుగుతుంది. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన నాలుగున్నర ఫ్రేములు. పాడేవాళ్ల పెదవులు ఒకచోట, మాట ఒకచోట. చరణం తెలిసినంత మాత్రాన తాళం కుదరదు.

కడప నుంచి:
ఒప్పుకున్నా సామీ. నేను ఇన్నేళ్లూ రెండింటినీ ‘సింకు’ అనే ఒక్క మాటలో కలిపేసినా.

చరణం గుర్తు అన్నారు కదా, ఆ గుర్తు చెవికి ఎట్లుంటుందో తెలుసునా? ఒక్కో ఫ్రేముకు 80 బిట్లు (సున్నా, ఒకటి అనే గుర్తులు), చివరి 16 బిట్లు ‘ఫ్రేము ఇక్కడ ముగిసింది, ముందుకు పోతున్నామా వెనక్కా’ అని చెప్పేవి. 25 ఫ్రేములకు సెకనుకు 2000 బిట్లు, అందుకే కిర్రుమని రంపం కోసినట్టు అరుస్తుంది. ఒకసారి ఆ ట్రాక్‌ను పొరపాటున పెద్ద స్పీకర్లలోకి వదిలినా. స్టేజీ మీద ద్రౌపది చెవులు మూసుకునింది.

ప్రొద్దుటూరు నుంచి:
అయ్యో! ‘అనుచరి’ వెనక్కి తీసుకుంటున్నా. మరి వైరు ఊడితే మీ వంత ఏం చేస్తుంది?

కడప నుంచి:
కొన్ని ఫ్రేములు తన పాటికి తాను లాక్కుపోతుంది, ఎన్ని ఫ్రేములో మనం ముందే చెప్పి పెట్టొచ్చు. ఆలోపు కోడ్ మళ్లీ వినపడితే కలుపుకుంటుంది, లేకుంటే ఆగుతుంది. దాని పేరు ఫ్రీవీల్. మా పిల్లోళ్లకు అది చెప్పాల్సిన పనే పడలేదు, ఒకడు సైకిల్ షాపులో పనిచేసినోడు. ‘తొక్కడం ఆపినా చక్రం తిరుగుతాదే, అదేనా?’ అన్నాడు.

కర్నూలు నుంచి:
మా నాయనకూ అదే పని. కథకుడికి దగ్గొస్తే ఆయన తేరుకునే దాకా తందాన సాగదీసేవాడు. దాన్ని ఏమనేవాళ్లో రేపు ఫోన్ చేసి అడుగుతా.

కడప నుంచి:
అడుగన్నా. ఈలోపు ల్యాప్‌టాప్ మూత మీద తెల్ల టేపు అతికించి ‘వంత’ అని రాసేసినా. రికార్డర్ మీద ‘కథకుడు’ అని మావాడు రాసినాడు, క-కు వత్తు పెట్టి.