చిల్డ్రన్స్ రూమ్: అపాస్ట్రఫీ ఎక్కడ?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంటులోని పిల్లల గదికి ఇంగ్లీషు బోర్డు రాయించే పని నాకు అప్పగించారు. వీధి చివర గర్ల్స్ హాస్టల్ బోర్డు మీద అపాస్ట్రఫీ గుర్తు (') ఎస్ అక్షరం తరువాత ఉంది. చిల్డ్రన్స్ రూమ్‌కు కూడా అలాగే పెట్టవచ్చునా?

జవాబు: పెట్టకూడదండీ, ఎస్‌కు ముందే రావాలి. గర్ల్స్ అన్న బహువచనం ఎస్‌తోనే ముగుస్తుంది కనుక చివర గుర్తు ఒక్కటే సరిపోయింది. చిల్డ్రన్, మెన్, విమెన్ ఎస్ లేకుండానే బహువచనాలు కాబట్టి వాటికి అపాస్ట్రఫీ, ఆ వెనుక ఎస్ చేర్చాలి. మనం 'పిల్లలు' అన్న మాటను 'పిల్లల' చేసుకున్నట్టే, ముందు బహువచనాన్ని పూర్తిగా రాసుకుని, ఆ తరువాతే షష్ఠీ విభక్తి సంగతి చూడండి. బాయ్స్ అనే మాట ఏకవచన షష్ఠి అయినా, బహువచనమైనా, బహువచన షష్ఠి అయినా చెవికి ఒక్కలాగే వినిపిస్తుంది. తేడా అంతా రాతలోనే ఉంది.

మరొక జవాబు: ఉత్త బహువచనానికి ఆ గుర్తు అక్కరలేదు. కూరగాయల దుకాణాల్లో టొమాటోస్ అన్న మాట మధ్య అది కనబడితే నాకు మనసు చివుక్కుమంటుంది. ఇట్స్ విషయంలోనూ జాగ్రత్త: 'దాని' అన్న అర్థంలో గుర్తు ఉండదు, ఉంటే అది ఇట్ ఈజ్ లేదా ఇట్ హాజ్ అవుతుంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. పెయింటరుకు ఇచ్చిన కాగితంలో ఇప్పుడే దిద్దాను.