భారరహిత స్థితిలో గుడ్డ ఎలా కాలుతుంది?

ప్రశ్న (ఉపాధ్యాయుడు, హన్మకొండ):
భారరహిత స్థితిలో వేడిగాలి పైకి లేవదు కనుక, కాలిన వాయువులు మంట చుట్టూనే పేరుకుని, తాజా ఆక్సిజన్ అందక అది ఆరిపోతుందని పదో తరగతి పిల్లలకు చెప్పాను. "అట్లయితే అంతరిక్ష కేంద్రంల నిప్పంటే భయమెందుకు సార్?" అని వెనుక బెంచీలోని ఒక అమ్మాయి అడిగింది. రేపు చెబుతానన్నాను. కొవ్వొత్తి సంగతి చదివాను గాని, గుడ్డ, ప్లాస్టిక్ వంటి ఘనపదార్థాల గురించి తెలిసినవారు వివరించగలరని మనవి.

జవాబు 1 (పరిశోధక విద్యార్థి, కాజీపేట):
సార్, గాలి కదలని చోట మీరు చెప్పింది చాలావరకు నిజమే. గుడ్డ వేడెక్కినప్పుడు దాని నుంచి వెలువడే ఆవిరులు ఆక్సిజన్‌తో కలిసే చోట మంట నిలుస్తుంది. నేలమీద ఆ ఆక్సిజన్‌ను ఎగసే వేడిగాలే లాక్కొస్తుంది. భారరహిత స్థితిలో అది వ్యాపనం వల్ల, అంటే అణువులు తమంతట తాము విస్తరించడం వల్ల, మెల్లగా చేరవలసిందే. దీపం మొనదేలిన పసుపు జ్వాలగా కాక మసక నీలి బుడగలా కనిపించేది అందుకే.

అయితే కేంద్రంలో గాలి ఊరుకోదు. నిద్రపోయే వ్యోమగామి ముఖం చుట్టూ కార్బన్ డయాక్సైడ్ పేరుకోకుండా ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, ఆ పిల్లగాలి మంటకు మన ఇళ్లలో ఊదుగొట్టం చేసే పనే చేస్తుంది. సెకనుకు కొన్ని సెంటీమీటర్ల వేగం చాలు. కాగితాన్ని నడుమ అంటించి అంత సన్నటి గాలి పంపితే, మంట గాలి పోయే వైపుకు కాక గాలి వచ్చే వైపుకే పాకుతుంది. ఎదురుగా ఉన్న జ్వాల ఆక్సిజన్‌ను వాడుకోవడంతో దాని వెనుక వైపుకు మిగలదు. పిల్లలకు ఇది తప్పక చెప్పండి, పరీక్షలో రాకపోయినా సరే.

పెద్ద గుడ్డపై నాసా 2016లో సఫైర్ ప్రయోగం చేసింది. కేంద్రాన్ని వదిలిన సిగ్నస్ సరుకు నౌకలో, మనుషులు లేకుండా, దాదాపు మీటరు పొడవున్న పత్తి, ఫైబర్‌గ్లాస్ కలనేత గుడ్డను అంటించారు. మంట కొంత పొడవుకు పెరిగి, ఆపైన పెరగక అదే పొడవుతో నిలకడగా ముందుకు సాగింది.

ప్రశ్నించినవారు:
అంటే ఫ్యాను ఆపితే చాలా?

జవాబు 2 (పత్తి వ్యాపారి, ఏనుమాముల):
ప్రమాద ఘంట మోగితే మొదట గాలి ప్రసారమే ఆపుతారు. కాని 1997లో రష్యా వారి మీర్ అంతరిక్ష కేంద్రంలో అంటుకున్నది ఆక్సిజన్‌ను పుట్టించే డబ్బా. తన ఆక్సిజన్‌ను తానే ఇచ్చుకునే మంటకు ఫ్యానుతో పనేముంది? ఇంకొకటి, మా మార్కెట్లో పత్తి బేలు లోలోపల రాజుకున్నప్పుడు పైకి లేచే పొగే మాకు జాడ చెబుతుంది. అక్కడ పొగ పైకి లేవదు, దాన్ని పసిగట్టే పరికరం దాకా మోసుకుపోయేది ఆ ఫ్యాను గాలే.