బాగాలేని సినిమాని ఏకిపారేయడం సమీక్షకుడి పనేనా?

మార్నింగ్‌షో:
వారం రోజులుగా రోజర్ ఈబర్ట్ రాసిన తిట్ల సమీక్షలు చదువుతున్నాను. తెలియనివాళ్లకి: 1967 నుంచి 2013లో చనిపోయేదాకా ఒకే షికాగో పత్రికలో సినిమాల గురించి రాసిన మనిషి. సినీ విమర్శకి పులిట్జర్ (అమెరికాలో పత్రికా రచనకి ఇచ్చే పెద్ద అవార్డు) అందుకున్న మొదటివాడు (1975). తనకి నచ్చని సినిమాల సమీక్షలు పోగేసి 2000లో ఒక పుస్తకం, 2007లో ఇంకో పుస్తకం వేశాడు. చదువుతుంటే నవ్వాగదు. నవ్వడం అయ్యాక మాత్రం మనసులో ఏదో గుచ్చుకుంది. వందమంది ఏళ్ల తరబడి పడ్డ కష్టాన్ని ఒకాయన రెండు గంటలు చూసి, జనాన్ని నవ్వించే సరుకుగా మార్చేయొచ్చా? నచ్చలేదని మర్యాదగా చెప్పి ఊరుకుంటే సరిపోదా?

వెనకబెంచీ:
సరిపోదు. కూలిపోయిన గోడకి కూడా మేస్త్రీ చెమటోడ్చే ఉంటాడు. అది చూసి ఇల్లు కొంటామా? సమీక్షకుడు నా తరఫు మనిషి, నిర్మాత తరఫు కాదు. మొహమాటపడి 'ఒకసారి చూడొచ్చు' అని రాసేవాళ్ల వల్లే నేను ఎక్కువ మోసపోయాను. తిట్టేవాళ్ల వల్ల ఒక్కసారి కూడా మోసపోలేదు.

కత్తెర:
వెనకబెంచీ గారూ, ఆ చివరి మాట మీకెలా తెలుసు? తిట్టారని మీరు వెళ్లకుండా వదిలేసిన వాటిలో మంచివి ఎన్నో!

నేను చిన్నాచితకా సినిమాలకి ఎడిటింగ్ చేస్తుంటాను కాబట్టి నాకు గుర్తుండిపోయిన కథ ఒకటి చెప్తాను. 2003 కాన్ చిత్రోత్సవంలో దర్శకుడు విన్సెంట్ గాలో తన 'ద బ్రౌన్ బన్నీ' చూపించాడు. ఆ ఉత్సవ చరిత్రలోనే ఇంత చెత్త సినిమా లేదన్నాడు ఈబర్ట్. గాలోకి ఒళ్లు మండి ఆయన లావు మీద పడ్డాడు. లావు నిజమే, నేనెప్పుడో ఒకప్పుడు సన్నబడతాను, అతను మాత్రం ఎప్పటికీ ఆ సినిమా తీసినవాడిగానే మిగిలిపోతాడు అని ఈయన జవాబు. (చర్చిల్ పేరు మీద తిరిగే పాత చమత్కారాన్ని మార్చి వాడాడు.) ఇంతవరకు అందరికీ తెలిసిన తమాషా. అసలు సంగతి తర్వాత జరిగింది. గాలో ఆ సినిమాలో సుమారు 26 నిమిషాలు కోసేశాడు. 2004లో విడుదలయ్యాక ఈబర్ట్ మళ్లీ చూసి మూడు స్టార్లు ఇచ్చాడు! ఎడిటింగ్‌తో సినిమా ఎలా మారిపోయిందో వివరంగా రాశాడు కూడా.

ఇరవయ్యారు నిమిషాలంటే మాటలు కాదు. ఒక్క షాట్‌లో నాలుగు సెకన్లు తీసేద్దామంటేనే మా డైరెక్టర్లు రెండు రోజులు మాట్లాడరు.

మార్నింగ్‌షో:
కథ బాగుంది. కానీ అది చిత్రోత్సవం. విడుదలకి ముందు కోసుకునే వ్యవధి దొరికింది. మామూలు సినిమాకి ఆ అదృష్టం ఎక్కడిది? శుక్రవారం ఉదయం తిడితే ఆదివారానికి హాలు ఖాళీ.

ఇంకోటి, సమీక్షకుడు పొరబడితే? 1967లో 'బానీ అండ్ క్లైడ్' వచ్చినప్పుడు న్యూస్‌వీక్ పత్రికలో జో మోర్గెన్‌స్టర్న్ దాన్ని చీల్చి చెండాడాడు. మళ్లీ చూసి, తప్పు నాదేనని తర్వాతి వారమే రాశాడు. అలా ఒప్పుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు?

వెనకబెంచీ:
తప్పు ఒప్పుకునే సమీక్షకులు తక్కువే. తప్పు ఒప్పుకునే దర్శకులు ఇంకా తక్కువ!

నాకు తిట్లకంటే అంకెల మీదే కోపం. సమీక్షలన్నీ పోగేసి శాతం చూపించే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైట్‌లో 90 శాతం అంటే నూటికి తొంభై మార్కులని జనం అనుకుంటారు. అది మార్కు కాదు, బాగుందన్నవాళ్ల వాటా. అందరికీ ఓ మోస్తరుగా నచ్చిన సినిమాకి కూడా 100 రావచ్చు. సగంమంది నెత్తిన పెట్టుకుని, సగంమంది విసిరికొట్టిన సినిమా 50 దగ్గర ఆగి 'కుళ్లిన' ముద్ర వేయించుకుంటుంది. దానికంటే ఈబర్ట్ తిట్టు నయం. ఎక్కడ తేడా కొట్టిందో అందులో ఉంటుంది.

కత్తెర:
నేను చెప్పబోయేది కూడా అదే. నేను ఎడిట్ చేసిన ఒక షార్ట్ ఫిల్మ్‌కి రెండు సమీక్షలొచ్చాయి. ఒకాయన 'టైమ్ వేస్ట్' అని రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఇంకొకాయన ఇంతకంటే ఘాటుగా, నిండా వెటకారంతో రాశాడు. హీరో ఫోన్ చూసుకునే షాట్ ఐదుసార్లు వస్తుందని, మూడోసారికే తనకి ఆ ఫోన్ నంబర్ నోటికొచ్చేసిందని! ఆ రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున లేచి లెక్కపెట్టాను. ఐదు కాదు, ఆరు.

మొదటాయన మర్యాదస్తుడే కావచ్చు, ఆయన రాసింది నాకెందుకూ పనికిరాలేదు. వెటకారం ఉండొచ్చు, అది సినిమాలో ఉన్నదాని మీద ఉండాలి. నటి ఒంటి మీదా, దర్శకుడి కుటుంబం మీదా రాసేది సమీక్షే కాదు, దాన్ని ఈ చర్చలోకి లాగొద్దు.

మార్నింగ్‌షో:
ఆ గీత దగ్గర నాకు పేచీ లేదు. అయితే ఒక్కటి. 2005లో హాలీవుడ్ నటుడు రాబ్ ష్నైడర్ కామెడీ ఒకదానికి ఈబర్ట్ సున్నా స్టార్లు ఇచ్చాడు. తన సినిమాలని ఎద్దేవా చేసిన ఓ పత్రికా రచయితని, నీకు పులిట్జర్ రాలేదుగా అని ష్నైడర్ అంతకుముందు వెక్కిరించి ఉన్నాడు. నాకు వచ్చింది, కాబట్టి నేను చెప్పొచ్చు, నీ సినిమా చెత్త అని రాశాడు ఈయన. తర్వాత ఈబర్ట్ క్యాన్సర్‌తో మంచాన పడితే ష్నైడర్ పూలు పంపించాడు. అతను చెత్త సినిమా తీసి ఉండొచ్చు గానీ చెడ్డవాడు కాదని ఈబర్ట్ అప్పుడు రాశాడు.

ఆ మాట రాయడానికి పూలు రావాల్సి వచ్చింది. నాకు గుచ్చుకున్నది అదే.

వెనకబెంచీ:
పూలు అందుకున్నాక కూడా 'చెత్త సినిమా' అన్న మాట వదల్లేదు, చూశారా? నా టికెట్ డబ్బులు ఆయన చేతిలో పెట్టొచ్చు.