మా బాబు ఆటిజానికి పర్యావరణం కారణమా? నేను చేసిందేమైనా ఉందా?

చిన్నోడి_అమ్మ:
మా బాబుకి మూడేళ్ళు. పోయిన నెల డాక్టర్ ఆటిజం అని తేల్చి చెప్పారు, అప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. ఫోన్ చూపించావు కాబట్టే అని అత్తగారు, టీకాల వల్లే అని ఆడపడుచు. నాకేమో కడుపుతో ఉన్నప్పుడు జ్వరానికి పారాసెటమాల్ వేసుకున్నది, ఆ నెలల్లోనే ఇంటికి రంగులు వేయించింది ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. మా ఇద్దరి వైపూ ఎవరికీ ఆటిజం లేదు, మరి జన్యువులు కాకపోతే పర్యావరణమే కదా అనిపిస్తోంది. రెండో బిడ్డ గురించి కూడా ఆలోచిస్తున్నాం. తెలిసినవాళ్ళు సూటిగా చెప్పండి, నన్ను ఓదార్చడానికి అబద్ధం మాత్రం చెప్పొద్దు.

తూరుపు_గాలి:
అమ్మా, ముందు ఆ మాట సంగతి చూద్దాం. పర్యావరణం అనగానే మనకి పొగ, చెత్త, రసాయనాలు గుర్తొస్తాయి గానీ పరిశోధకులు ఆ మాట వాడేది జన్యువులు కానిదంతా కలిపి: తల్లి వేసుకున్న మందులు, గర్భంలో సోకిన ఇన్ఫెక్షన్లు, నెలలు నిండకుండా పుట్టడం, ఇలాంటివన్నీ. ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి జన్యువులు కావనుకోవడం కూడా సరికాదు, తల్లిదండ్రుల్లో లేని మార్పు బిడ్డలో కొత్తగా రావచ్చు.

గట్టి ఆధారాలున్నవి కొన్నే. మూర్ఛకి వాడే వాల్‌ప్రోయేట్ అందులో మొదటిది. 2013లో వచ్చిన డెన్మార్క్ అధ్యయనంలో, తల్లి గర్భంతో ఉండగా ఆ మందు వాడితే పిల్లల్లో ఆటిజం అవకాశం సుమారు 4.4 శాతం, మిగతా పిల్లల్లో 1.5 శాతం. గర్భంలో రుబెల్లా అనే వైరస్ జబ్బు సోకడం ఇంకొకటి, 1964లో అమెరికాలో ఆ జబ్బు ప్రబలాక పుట్టిన పిల్లల్లో ఇది బయటపడింది. తల్లిదండ్రుల వయసు ఎక్కువగా ఉండటం, మరీ ముందుగా ప్రసవం కావడం కూడా అవకాశాన్ని పెంచుతాయి. చూశారా, ఇవన్నీ బిడ్డ పుట్టకముందు సంగతులే.

ఇక టీకాల మాట. 1998లో 12 మంది పిల్లల్ని చూసి, టీకాకీ ఆటిజానికీ సంబంధం ఉండొచ్చని రాసిన ఒక వ్యాసంతో మొదలైంది అది, దాన్ని ప్రచురించిన లాన్సెట్ అనే వైద్య పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. 2019లో డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల్ని చూస్తే తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ సంబంధమే కనబడలేదు. మీ ఆడపడుచుగారికి ఈ అంకె చెప్పండి.

పారాసెటమాల్ గురించి మీ భయం నాకు అర్థమవుతుంది. స్వీడన్‌లో సుమారు 24.8 లక్షల మంది పిల్లల మీద 2024లో వచ్చిన అధ్యయనంలో మామూలు లెక్కలో మాత్ర వేసుకున్న తల్లుల పిల్లలకీ మిగతావాళ్ళకీ కాస్త తేడా కనబడింది, కానీ ఒకే తల్లి పిల్లల్ని పోల్చి చూస్తే ఆ తేడా పోయింది. అంటే తేడా మాత్ర వల్ల కాదు, మాత్ర అవసరమైన తల్లుల్లో ఉన్న వేరే కారణాల వల్ల అయ్యుండాలి. పైగా ఎక్కువ జ్వరాన్ని అలా వదిలేయడం గర్భంలో మంచిది కాదు, మీరు వేసుకోవడమే సరైన పని.

నిప్పురవ్వ:
ఒక్క విషయంలో నేను ఒప్పుకోను, గాలి కాలుష్యాన్ని మీరు అసలు ఎత్తనేలేదు. పీఎం 2.5 అనే సన్నటి ధూళికీ ఆటిజానికీ సంబంధం చాలా అధ్యయనాల్లో కనబడింది, పొలాల్లో కొట్టే పురుగుమందుల గురించి కాలిఫోర్నియా పరిశోధనలున్నాయి. అంతా జన్యువులే అని చేతులు దులుపుకుంటే ఆ కంపెనీలని అడిగేవాళ్ళెవరు?

తూరుపు_గాలి:
నిజమే, అది వదిలేయకుండా ఉండాల్సింది. సంబంధం కనబడింది, కాకపోతే పెరిగే అవకాశం చిన్నది, అదే కారణమని తేల్చడం ఇంకా కష్టం. అంతా జన్యువులే అని నేననలేదు. 2019లో 5 దేశాల్లో 20 లక్షల పైచిలుకు పిల్లల్ని చూసిన అధ్యయనం వంశపారంపర్యం సుమారు 80 శాతం అని లెక్కగట్టింది, కానీ అది జనాభాలో మనిషికీ మనిషికీ ఉన్న తేడా గురించిన లెక్క. ఫలానా బిడ్డకి 80 పాళ్ళు జన్యువుల వల్ల, 20 పాళ్ళు పొగ వల్ల వచ్చిందని దాని అర్థం కాదు. రెండూ కలిసి కూడా పనిచేస్తాయి. ఒక్క బిడ్డని చూపించి ఇదిగో దీనివల్లే అని ఎవరన్నా అంటే మాత్రం నమ్మొద్దు.

ఇద్దరు_పిల్లల_నాన్న:
మా పెద్దాడికి ఆటిజం, ఇప్పుడు పదకొండేళ్ళు. మీలాగే మేమూ రెండేళ్ళు కారణం వెతుకుతూ కూర్చున్నాం, ఆ రెండేళ్ళూ స్పీచ్ థెరపీకి పెట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధే. ఆ వెతుకులాటలోనే ఒకాయన ఒంట్లో సీసం, పాదరసం ఉన్నాయి, చెలేషన్‌తో తీసేస్తే నయమైపోతుందన్నాడు. దయచేసి అటు పోకండి. 2005లో అమెరికాలో ఆటిజం ఉన్న అయిదేళ్ళ బాబు ఆ మందు ఎక్కిస్తుండగానే చనిపోయాడు. ఇంకోటి, ఇది చదివేవాళ్ళలో ఎవరైనా వాల్‌ప్రోయేట్ వాడుతుంటే భయపడి సొంతంగా ఆపొద్దు, ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదం, గర్భం అనుకోకముందే డాక్టర్‌తో మాట్లాడి మందు మార్పించుకోవాలి.

ఫోన్ సంగతంటారా, మావాడు ఫోన్ ముట్టకముందే పిలిస్తే పలికేవాడు కాదు. మీవాడి ఏడాది నాటి వీడియోలుంటే తీసి చూడండి.

చిన్నోడి_అమ్మ:
చూశానండీ. మొదటి పుట్టినరోజు వీడియోలో అందరూ పిలుస్తున్నా వాడు ఫ్యాన్ వైపే చూస్తున్నాడు, అప్పటికి ఫోన్ ఇవ్వనేలేదు. చాలాసేపు ఏడ్చాను, కానీ మనసు కాస్త తేలికైంది. థెరపీ ఈ సోమవారమే మొదలుపెడుతున్నాం. మరి రెండో బిడ్డ విషయంలో నా చేతిలో ఏముంది?

తూరుపు_గాలి:
అన్నకో అక్కకో ఆటిజం ఉంటే తర్వాతి బిడ్డకి వచ్చే అవకాశం సుమారు 20 శాతం, ఇది మాత్రం దాచకుండా చెప్పాలి. గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి, నార్వేలో 85 వేల మంది పిల్లల అధ్యయనంలో అలా వేసుకున్న తల్లుల పిల్లల్లో ఆటిజం తక్కువగా కనబడింది. కాన్పుకీ కాన్పుకీ మధ్య మరీ తక్కువ ఎడం మంచిది కాదంటారు, మీకు ఆ సమస్య లేదు. రుబెల్లా రక్షణ ఉందో లేదో రక్తపరీక్ష చేయించుకోండి, లేకపోతే ముందే టీకా వేయించుకోవాలి, గర్భం వచ్చాక వేయరు.

చిన్నోడి_అమ్మ:
టీకా వేయించుకున్నాక ఎన్నాళ్ళు ఆగాలి?

తూరుపు_గాలి:
కనీసం ఒక నెల.