పాత టేకు దూలాన్ని కోస్తుంటే నిప్పురవ్వలు ఎందుకు వస్తున్నాయి?

ప్రశ్న – మండువా ఇల్లు

మా ఊళ్లో తాతల నాటి ఇంటిని విప్పినప్పుడు దిగిన టేకు దూలాలనూ వాసాలనూ పారేయడానికి మనసొప్పక, వాటితోనే కొత్త ఇంటికి తలుపులు, అలమరలు చేయించుకుంటున్నాము. వడ్రంగి గారు చేతి సర్క్యులర్ సాతో ఒక దూలాన్ని చీలుస్తుండగా ఒకచోట బ్లేడు ఖంగుమని మోగి, పసుపు రంగు రవ్వలు ధారగా ఎగిరాయి. అదే దూలంలో ఇంకొంచెం ముందుకు పోయాక ఏ చప్పుడూ లేకుండా, కాలిన వాసనతో పాటు, చిన్న ఎర్రటి కణికలు పొట్టులో మెరిసి ఆరిపోయాయి. ఇవి కాక మిషన్ వెనుక గాలి రంధ్రాల లోపల ఒక నీలి మెరుపు కోత సాగినంత సేపూ కనిపిస్తూనే ఉంది. టేకు చేవలో రాయి వంటి పదార్థం ఉంటుందనీ, అందుకే చెకుముకి రాయిని కొట్టినట్టు నిప్పు పుడుతుందనీ మా మేనమామ గారు చెబుతున్నారు. చెక్క నుంచి నిజంగానే రవ్వలు పుడతాయా? మిగిలిన దూలాలను కోయించవచ్చునా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం – గోదావరి వడ్రంగి

అయ్యా, మీరు చెప్పిన మొదటి రవ్వలు మేకువే. పాత ఇళ్ల దూలాలకు వాసాలను బిగించడానికి కమ్మరి కొట్టిన లావుపాటి మేకులు వాడేవారు. ఇల్లు విప్పేటప్పుడు గడ్డపారతో లాగితే వాటి తలలు తెగిపోయి, మొనలు కర్రలోనే మిగిలిపోతాయి. పైన రంగో, మట్టో, లక్కో పట్టి ఉండటం వల్ల ఆ రంధ్రం కంటికి ఆనదు. తుమ్మ, మద్ది వంటి కర్రలోనైతే ఇనుము చుట్టూ నల్లటి మరక దిగి లోపల మేకు ఉన్నదని ముందే తెలుస్తుంది. టేకులో మేకు తొందరగా తుప్పు పట్టదు కాబట్టి, ఆ గుర్తు కోసం ఎదురు చూడకూడదు.

కొత్తగా కొట్టిన చెట్లకూ ఈ బెడద ఉంది. రోడ్డు పక్కనున్న వేపచెట్టుకు బోర్డు కట్టడానికి కొట్టిన మేకు, మాను లావెక్కే కొద్దీ లోపలికి పూడుకుపోతుంది గానీ, చెట్టుతో పాటు పైకి జరగదు. కాబట్టి దుంగలో మనిషి చేయి అందేంత ఎత్తు వరకే ఎక్కువగా అనుమానించాలి. బెరడు పగుళ్లలో ఇరుక్కున్న ఇసుక, గులకరాళ్లు కూడా రంపపు పళ్లకు తగిలి రవ్వలు పుట్టిస్తాయి. పాత రైలు స్లీపరు చెక్కలైతే కంకర ముక్కలు వాటి అడుగున నాటుకుపోయి ఉంటాయి కాబట్టి, అవి మరీ ప్రమాదకరం.

మీ దూలాలను ముందుగా ఇనుప బ్రష్షుతో శుభ్రంగా రుద్దించండి. తరువాత చేతిలో పట్టే మెటల్ డిటెక్టరును నాలుగు పక్కలా నడిపించి, కూత వచ్చిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టించండి. మేకు మొన దొరికిన చోట ఉలితో చుట్టూ తొలిచి, పటకారుతో లాగాలి. రానప్పుడు ఆ ముక్కను చేతి రంపంతో వేరు చేసి పక్కన పెట్టడమే మేలు. అంత మంచి టేకులో జానెడు ముక్క వదులుకోవడం బాధగానే ఉంటుంది, కానీ బ్లేడు పన్ను ఊడి ముఖం మీదికి ఎగిరితే జరిగే నష్టం ముందు అది ఏమీ కాదు.

సమాధానం – భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు

పై సమాధానంతో నేను ఏకీభవిస్తున్నాను. మీ మేనమామ గారి మాటలో సగం నిజం ఉన్నది కాబట్టి, ఆ సంగతి కొంచెం వివరంగా చెబుతాను.

చెకుముకి రాయిని ఉక్కుతో కొట్టినప్పుడు వెలిగేది రాయి కాదు, ఉక్కు. రాయి అంచు ఉక్కు నుంచి అతి చిన్న రజనును చెక్కుతుంది. ఆ చెక్కడంలో పుట్టిన వేడికి రజను ఎర్రబడి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండుతుంది. కాకరపువ్వొత్తిలో మెరిసే రవ్వలు కూడా ఇలా మండే ఇనుప రజనే. ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1665లో ప్రకటించిన సూక్ష్మదర్శిని పరిశీలనల్లో, ఇలా రాలిన రవ్వలను చూసి, వాటిలో కరిగి గుండ్రంగా గట్టిపడిన లోహపు గోళీలు ఉన్నాయని రాశాడు. రవ్వ చివర పువ్వులా పగలడానికి కారణం ఉక్కులోని కార్బన్. అది మండి వాయువుగా మారి, కరిగిన బిందువును లోపలి నుంచి పగలగొడుతుంది.

అందువల్ల రవ్వ పుట్టాలంటే ఇనుమూ, దానిని చెక్కగల గట్టి వస్తువూ, తగినంత వేగమో దెబ్బో ఉండాలి. ఏడంగుళాల బ్లేడు నిమిషానికి 5000 చుట్లు తిరిగితే దాని పన్ను సెకనుకు 45 మీటర్లకు పైగా వేగంతో పోతుంది. చేతి రంపం అదే మేకుకు తగిలితే కీచుమంటుందే తప్ప, సాధారణంగా రవ్వ రాదు. గొడ్డలి వేగం తక్కువే అయినా, దెబ్బ బలమంతా ఒక్క చుక్క మీద పడుతుంది కాబట్టి, రాయికి తగిలినప్పుడు రవ్వ వస్తుంది. మేకు ఇత్తడిదో రాగిదో అయితే బ్లేడు పాడవుతుంది గానీ, ఇటువంటి రవ్వలు కనిపించవు. కాబట్టి రవ్వ రానంత మాత్రాన లోపల లోహం లేదని అనుకోకూడదు.

టేకులో సిలికా, అంటే ఇసుకలో ఉండే గట్టి పదార్థం, ఉన్న మాట వాస్తవమే, బ్లేడు త్వరగా మొద్దుబారడానికి అదొక కారణం. కానీ ఆ కణాలు కంటికి కనిపించనంత చిన్నవి. ధారగా రవ్వలు ఎగరడానికి అవి చాలవు. మీరు చూసిన రెండో వెలుగుకు మాత్రం ఆ మొద్దుబారిన బ్లేడే కారణం అయి ఉండవచ్చు. పళ్లు కోయడం మాని రుద్దడం మొదలుపెడితే, లేదా చీలిక మూసుకుపోయి బ్లేడును పట్టేస్తే, చెక్క మాడి పొట్టు కణికలుగా మారుతుంది. ఆ కణికలు మండుతున్న చెక్కే.

ఈ తేడాను మీరే పరీక్షించవచ్చు. అయస్కాంతాన్ని పల్చటి కాగితంలో చుట్టి, రెండు చోట్ల రాలిన పొట్టు మీదా వేర్వేరుగా తిప్పి చూడండి.

ప్రశ్న అడిగినవారు – మండువా ఇల్లు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే చేశాము. మొదటి చోటి పొట్టులో కాగితానికి నల్లటి సన్నని పీచులూ, భూతద్దంలో చూస్తే మెరిసే గుండ్రటి చుక్కలూ అంటుకున్నాయి. రెండో చోటి పొట్టుకు ఏమీ అంటలేదు. కోసిన ముఖం మాత్రం అక్కడ గోధుమ రంగు నుంచి నలుపుకు తిరిగి ఉంది. బ్లేడుకు రెండు పళ్ల కొనలు ఊడిపోయినట్టు కూడా ఇప్పుడే గమనించాము. నీలి మెరుపు సంగతి ఎవరైనా చెప్పగలరా? రవ్వలు రాకుండా నీళ్లు చల్లుతూ కోయవచ్చునని ఒకరు సలహా ఇచ్చారు, అది సరైనదేనా?

సమాధానం – మిషన్ల రిపేరు

నీలి మెరుపుకు చెక్కతో సంబంధం లేదు. ఈ మిషన్ల మోటారులో తిరిగే కమ్యుటేటర్ (రాగి పట్టీల వలయం) మీద కార్బన్ బ్రష్‌లు (చిన్న కార్బన్ దిమ్మలు) రాసుకుంటూ కరెంటు అందిస్తాయి. ఆ రాపిడి దగ్గర చిన్న నీలి మెరుపు ఉండటం సహజం. అది పసుపు రంగుకు తిరిగి కమ్యుటేటర్ చుట్టూ వలయంలా వెలుగుతుంటే మాత్రం బ్రష్‌లు అరిగిపోయాయనో, ఆర్మేచర్ (మోటారులో తిరిగే తీగచుట్టల భాగం) పాడైందనో అర్థం. అప్పుడు మిషన్ ఆపి విప్పించాలి. గాలి రంధ్రాల్లో పొట్టు పేరుకోనివ్వకండి.

నీళ్లు మాత్రం వద్దు. రాయి కోసే మిషన్లకు నీళ్లు పట్టే ఏర్పాటు వేరుగా ఉంటుంది. చెక్క కోసే చేతి మిషన్ మోటారులోకి నీరు పోతే షాక్ కొడుతుంది, పైగా తడిసిన కర్ర ఉబ్బి బ్లేడును ఇంకా గట్టిగా పట్టేస్తుంది. పళ్లు ఊడిన ఆ బ్లేడును వెంటనే మార్చండి. చీలిక మూసుకుపోకుండా వెనుక కోసిన సందులో సన్నని చెక్క ముక్క దిగ్గొట్టి కోయించండి, కళ్లద్దాలు తప్పకుండా పెట్టించండి.

అన్నిటికంటే ఎక్కువగా పొట్టును గమనించాలి. పొట్టు కుప్పలోనో, పొట్టు పీల్చే సంచిలోనో పడిన కణిక పైకి కనిపించకుండా గంటల తరబడి రాజుకుని, పనివాళ్లు వెళ్లిపోయాక మండవచ్చు. రవ్వలు వచ్చిన రోజున ఆ పొట్టును ఇనుప డబ్బాలోకి ఎత్తి, నీళ్లతో తడిపి, ఇంటికి దూరంగా బయట పెట్టించండి.